అక్షయపాత్రకీ ఒక హద్దు ఉంది: ఓడలో భోజనం, ‘చాలు’ అనే మాట



అరణ్యపర్వంలోని అక్షయపాత్ర కథ మన వీడియోలో చెప్పుకున్నాం. ఉన్న సమయమంతా కథకే సరిపోయింది. ఆ కథ చదివినప్పుడల్లా నాకు ఎదురయ్యే ఒక ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. దాని గురించి ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

ప్రశ్న ఇది. తిండికి లోటే లేని చోట, ఎంత తిన్నా ఎవరూ కాదనని చోట, మనిషి ఎక్కడ ఆగాలి? ఆపాల్సింది ఎవరు?

నేను సీతమ్మధారలో ఉంటాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రోజులో ఎక్కువ భాగం కుర్చీలోనే గడిచిపోతుంది. ఫోన్‌లో రెండు సార్లు నొక్కితే ఏం కావాలన్నా గుమ్మం దగ్గరికి వచ్చేస్తుంది. ఆకలిని ఎలా ఓర్చుకోవాలో మా తాతల తరానికి తెలుసు. మా తరానికి రోజూ ఎదురయ్యే పరీక్ష వేరు, దాని పేరు ‘అతి’. ఆ పరీక్షని పూర్తి రూపంలో చూడాలంటే క్రూజ్ ఓడ ఎక్కాలి.

మన ఊరి నుంచి ఓడ ప్రయాణం

క్రూజ్ అంటే ఒకప్పుడు సినిమాల్లో చూసేదే. 2022 జూన్ 8న కార్డీలియా వాళ్ళ ‘ఎంప్రెస్’ ఓడ విశాఖ పోర్టు నుంచి ప్రయాణికులతో బయల్దేరింది. పుదుచ్చేరి, చెన్నై వైపు ప్రయాణం. ఆ తర్వాత 2023 సెప్టెంబరు 4న కేంద్ర మంత్రి సర్బానంద సోనోవాల్ మన పోర్టులో ప్రత్యేకంగా క్రూజ్ టెర్మినల్ ప్రారంభించారు. 2025 జూలైలో ఓడ మళ్ళీ వచ్చింది. అప్పుడు అమ్మ, నాన్న, అక్క, నేను నలుగురం కలిసి వెళ్ళాం.

ఓడ పదకొండు అంతస్తులు. ఇంచుమించు ఒక చిన్న ఊరు నీళ్ళ మీద తేలుతున్నట్టు ఉంటుంది. మామూలు భోజనాలన్నీ టికెట్‌లోనే కలిసి ఉంటాయి. పొద్దున్న ఇడ్లీ, ఉప్మా, పూరీ, పక్కనే బ్రెడ్డు, కేకులు, పళ్ళు. మధ్యాహ్నం మళ్ళీ బారులు తీరిన పళ్ళేలు. సాయంత్రం టీతో ఏదో ఒకటి. రాత్రి భోజనం, దాని తర్వాత స్వీట్లు. చేసే పని లేదు, ఎక్కాల్సిన బస్సు లేదు. చుట్టూ సముద్రం, మధ్యలో తిండి.

అక్కడ అందరి నోటా ఒకటే మాట విన్నాను. “డబ్బు కట్టేశాం కదండీ, తినకపోతే నష్టం కదా.”

ఈ మాట పైకి న్యాయంగానే అనిపిస్తుంది. కొంచెం లెక్క వేసి చూద్దాం. టికెట్ డబ్బు బుక్ చేసిన రోజే వెళ్ళిపోయింది. నాలుగో పూరీ తింటే అందులో ఒక్క రూపాయి కూడా వెనక్కి రాదు. పైగా అరగక ఒళ్ళు పడే కష్టం ఇంకో ఖర్చు. అంటే ఒకే భోజనానికి ఒకసారి డబ్బుతో కట్టి, రెండోసారి ఒంటితో కడుతున్నామన్నమాట. నష్టం వస్తుందన్న భయంతోనే నష్టం తెచ్చుకుంటున్నాం. పెళ్ళి భోజనాల్లో, ఆదివారం బఫేల్లో, ఆఫీసు పార్టీల్లో జరిగేదీ ఇదే. ఓడ ఎక్కకపోయినా మనందరికీ నేల మీదే బోలెడు ఓడలున్నాయి.

అక్షయపాత్ర ఎప్పుడు ఖాళీ అవుతుంది?

ఇప్పుడు కథలోకి వద్దాం. వనవాసానికి వెళ్తున్న పాండవుల వెంట ఎంతోమంది బ్రాహ్మణులు కూడా బయల్దేరారు. వాళ్ళందరికీ అన్నం ఎలా పెట్టాలా అని ధర్మరాజు బాధపడి సూర్యుణ్ణి ప్రార్థిస్తే, ఆయన అక్షయపాత్ర ఇచ్చాడు. ఎంతమంది వచ్చినా ఎంత వడ్డించినా తరగని పాత్ర.

మనం ‘అక్షయం’ అనే మాట దగ్గర ఆగిపోయి, ఆ పాత్రకున్న షరతు మర్చిపోతాం. రోజూ ద్రౌపది భోజనం అయ్యేవరకే అది పెడుతుంది. ఆవిడ తిన్నాక ఆ రోజుకి ఇక అంతే. ఆవిడ ఎప్పుడు తింటుంది? అతిథులు, భర్తలు, అందరూ తిన్న తర్వాత. సాక్షాత్తూ సూర్యుడు ఇచ్చిన తరగని పాత్రకి కూడా రోజుకో ముగింపు ఉంది. ఆ ముగింపు చెప్పే అధికారం అందరికీ పెట్టి చివర్లో తినే మనిషి చేతిలో ఉంది.

నాకు ఇందులో చాలా లోతు కనిపిస్తుంది. నా ఉద్యోగం భాషలో చెప్పాలంటే, ఎంత పెద్ద సర్వర్‌కైనా ఒక పరిమితి పెట్టే నడుపుతాం. పరిమితి పెట్టడం అంటే సర్వర్ మీద కోపం ఉండి కాదు, అది నిలబడాలనే. అక్షయపాత్ర షరతు కూడా అలాంటిదే. పాత్రలో అన్నం తరగకపోవచ్చు, తినేవాడి కడుపుకి మాత్రం కొలత ఉంది. బఫే అనేది ద్రౌపది లేని అక్షయపాత్ర. అక్కడ “ఇంక చాలు” అని చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు.

అదే కథలో దుర్వాసుడి ఘట్టం గుర్తుందా? ద్రౌపది తినేశాక శిష్యులందరినీ వెంటేసుకుని ఆయన వచ్చాడు. కృష్ణుడు పాత్ర అంచుకి అంటుకున్న కాస్త ఆకుకూర నోట్లో వేసుకుంటే, నది దగ్గర స్నానం చేస్తున్న వాళ్ళందరికీ కడుపు నిండిపోయింది. ఇది భగవంతుడి లీల, నిజమే. మనకి మాత్రం ఒక సూచన కూడా ఉంది. తృప్తి అనేది పరిమాణంలో నుంచి మాత్రమే రాదు. మూడు పళ్ళేలు తిన్నా రానిది ఒక్కోసారి ఒక్క ముద్దలో వస్తుంది.

వడ్డించేవాళ్ళు లేని భోజనం

మన పంక్తి భోజనం ఎలా ఉంటుందో ఒకసారి తలుచుకోండి. విస్తరి ముందు కూర్చుంటాం. వడ్డించేవాళ్ళు వరసగా వస్తారు. “ఇంకొంచెం వేయమంటారా?” అని అడుగుతారు. మనం విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి “చాలండీ, చాలు” అంటాం. వాళ్ళు బలవంతం చేస్తారు, మనం మళ్ళీ చాలంటాం. ఒక్క భోజనంలో ఎన్నిసార్లు ‘చాలు’ అంటామో లెక్కే లేదు. అంటే ఆ మాటని పైకి, అందరూ వినేలా పలికే అలవాటు మన భోజన పద్ధతిలోనే ఉంది.

బఫేలో వడ్డించేదీ మనమే, తినేదీ మనమే. ‘చాలు’ అని చెప్పడానికి ఎదురుగా మనిషి లేడు. ఆ మాట మనకి మనమే చెప్పుకోవాలి. చూడ్డానికి చిన్న మార్పు. కానీ ఇంద్రియ నిగ్రహం అంటే ఏమిటో నాకు అక్కడే అర్థమైంది. ఎదుటివాడు పెడుతుంటే వద్దనడం మర్యాద. ఎవరూ చూడనప్పుడు, ఎవరూ ఆపనప్పుడు మన చేతిని మనమే ఆపడం సాధన.

భగవద్గీత ఆరో అధ్యాయంలో ధ్యానం గురించి చెబుతూ కృష్ణుడు మధ్యలో తిండి మాట ఎత్తుతాడు. అతిగా తినేవాడికి యోగం కుదరదు, అసలు తిననివాడికీ కుదరదు అంటాడు. రెండో సగం గమనించండి. మనం మొదటి సగమే పట్టుకుని, తిండిని శత్రువులా చూడటం మొదలుపెడతాం. తైత్తిరీయోపనిషత్తు అన్నాన్ని నిందించకూడదని, దాన్ని ఒక వ్రతంగా పాటించమని చెబుతుంది. “ఛీ, ఈ స్వీట్లే నన్ను పాడు చేస్తున్నాయి” అనడం కూడా ఒకరకంగా అన్న నిందే. స్వీటు దాని చోట అది ఉంది. చెయ్యి చాచింది మనం.

మరి బరువు సంగతి?

భక్తి కబుర్లలో బరువు లెక్కలెందుకని కొందరికి అనిపించవచ్చు. ధర్మం ఆచరించడానికి ముందుగా కావలసిన పనిముట్టు శరీరమే అన్నది మన పెద్దల మాట. గుడి మెట్లు ఎక్కాలన్నా, పూజలో గంటసేపు కింద కూర్చోవాలన్నా, పెద్దవాళ్ళకి సేవ చెయ్యాలన్నా ఒళ్ళు సహకరించాలి కదా. కాబట్టి బరువు గురించి ఆలోచించడం ఉత్త అందం కోసమే అనుకోనక్కర్లేదు. అద్దం ముందు నిలబడి కుమిలిపోవడం వేరు, పనిముట్టుని జాగ్రత్తగా చూసుకోవడం వేరు.

లెక్క చెబుతాను, భయం తగ్గుతుంది. ఒక కిలో కొవ్వు పెరగాలంటే మన అవసరానికి మించి సుమారు 7,700 కేలరీలు తినాలి. మూడు రోజులు రోజుకి వెయ్యి కేలరీలు ఎక్కువ తిన్నా మొత్తం 3,000. అంటే పెరిగే కొవ్వు నాలుగు వందల గ్రాముల లోపే. ఇంటికొచ్చి మిషన్ ఎక్కితే రెండు కిలోలు ఎక్కువ చూపించిందంటే అందులో చాలా భాగం నీరు. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుంది. అన్నం, స్వీట్లలోని పిండిపదార్థం కూడా ఒంట్లో నిల్వ అయ్యేటప్పుడు నీళ్ళని పట్టి ఉంచుతుంది. ఇంటి భోజనానికి వస్తే నాలుగైదు రోజుల్లో ఆ నీరు దిగిపోతుంది. కాబట్టి కంగారుపడి వారం రోజులు పస్తులుండాల్సిన పని లేదు.

అయితే మూడు రోజులే కదా, ఇంత ఆలోచన ఎందుకు? ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. సంక్రాంతికి అరిసెలు లెక్కపెట్టుకుని తినేవాణ్ణి ఎవరూ మెచ్చుకోరు. పండగ పండగలాగే ఉండాలి. కాకపోతే మూడు రోజుల్లో పెరిగే కొవ్వు కన్నా, మూడు రోజుల్లో పట్టే అలవాటు బరువు ఎక్కువ. ఆకలి లేకపోయినా తినడం, కంటికి కనిపించింది కాబట్టి తినడం, కట్టిన డబ్బు కోసం తినడం, ఇవి ఓడ దిగాక మనతోపాటే ఇంటికి వస్తాయి. మిషన్ మీద కనిపించవు.

నాన్న పళ్ళెం

అసలు కష్టమైన ప్రశ్న ఇక్కడుంది. నా చేతిని నేను ఆపుకోవచ్చు. నాకు ఇష్టమైనవాళ్ళ చేతిని ఆపవచ్చా?

మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటారు. ఓడలో రెండో రోజు మధ్యాహ్నం ఆయన పళ్ళెంలో రెండు గులాబ్‌జామ్‌లు, ఒక కేకు ముక్క, ఒక గిన్నె పాయసం పెట్టుకుని వచ్చారు. అక్క చూసి ఉండబట్టలేక, “మీ షుగర్ ఎంతో గుర్తుందా నాన్నా? అందరిలో నా చేత చెప్పించకండి” అంది. నాన్న పళ్ళెం పక్కకి జరిపేశారు. “ముప్పై ఏళ్ళు క్యారేజీ తిన్నానమ్మా. మూడు రోజులు నన్ను తిననివ్వండి” అన్నారు.

ఇందులో తప్పెవరిది? అక్క మాటలో ప్రేమ ఉంది, నిజం ఉంది. నాన్న మాటలోనూ నిజం ఉంది. ముప్పై ఏళ్ళు ఏ షిఫ్టుకి వెళ్ళినా ఆయన తిండి నాలుగు గిన్నెల క్యారేజీయే. ఎంత తినాలో అమ్మ చెయ్యి కొలిచి పెట్టేది. తనకి తానే కొలుచుకోవాల్సిన అవసరం ఆయనకి మొదటిసారి వచ్చిందేమో. అరవై దాటిన మనిషి పళ్ళేన్ని పిల్లలు పదిమంది ముందు తనిఖీ చెయ్యడం ఎంతవరకు ధర్మం? చూస్తూ ఊరుకోవడం మాత్రం ధర్మమా?

ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. అమ్మ తన కుర్చీ దగ్గరికి జరుపుకుని, “ఏవండీ, ఆ జామ్ సగం నాకు పెట్టండి. మొత్తం తినలేను గానీ రుచి చూడాలనుంది” అంది. నాన్న పెట్టారు. ఇంకో జామ్, కేకు, పాయసం నాకూ అక్కకీ పంచారు. చివరికి ఆయన తిన్నది సగం గులాబ్‌జామ్. ఆయన మొహంలో మాత్రం పూర్తి భోజనం చేసిన సంతోషం ఉంది.

భాగవతంలో కుచేలుడి అటుకుల ఘట్టం ఇక్కడ నాకు గుర్తొస్తుంది. కృష్ణుడు ఒక పిడికెడు అటుకులు తిని, రెండో పిడికెడు తీసుకోబోతుంటే రుక్మిణీదేవి చెయ్యి పట్టుకుని ఆపింది. కుచేలుడికి సమస్త సంపదలూ ఇవ్వడానికి మొదటి పిడికెడే చాలని ఆవిడ భావం. నాకు నచ్చేది ఆవిడ ఆపిన తీరు. సభలో దెప్పిపొడవలేదు, అటుకుల్ని తక్కువ చెయ్యలేదు, ఇచ్చిన కుచేలుణ్ణి చిన్నబుచ్చలేదు. చెయ్యి పట్టుకుంది, అంతే. ఎదుటివాళ్ళని ఆపే హక్కు ప్రేమకి ఉంటే ఉండొచ్చు. ఆ హక్కుని వాడాల్సిన పద్ధతి మాత్రం ఇదీ. వాళ్ళ గౌరవం తగ్గకూడదు, అన్నం గౌరవం తగ్గకూడదు. వీలైతే ఆపడం కూడా పంచుకోవడంలా ఉండాలి.

లావుగా ఉన్నవాళ్ళ పళ్ళేల వైపు చూసి నవ్వేవాళ్ళకి కూడా ఇదే మాట. ఎదుటివాళ్ళ ఒంటి మీద వ్యాఖ్యానం చెయ్యడం ఏ శాస్త్రంలోనూ ధర్మం కాదు. వాళ్ళకి ఏ జబ్బుందో, ఏ మందులు వాడుతున్నారో, ఎంత ప్రయత్నిస్తున్నారో మనకి తెలియదు.

గిరి ప్రదక్షిణలో అందరూ ఎలా తింటారు?

మేం ఓడ ఎక్కిన ఆషాఢ మాసంలోనే సింహాచలం గిరి ప్రదక్షిణ కూడా వస్తుంది. తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలుపెడితే కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. హనుమంతవాక, అప్పుఘర్, వెంకోజీపాలెం, ఇసుకతోట మీదుగా జనం మా సీతమ్మధార గుండానే నడుస్తారు. దారి పొడవునా భక్తులు పందిళ్ళు వేసి పులిహోర, మజ్జిగ, పళ్ళు, మంచినీళ్ళు రెండు చేతులా పంచుతారు. వద్దన్నా పెడతారు.

ఆలోచిస్తే అది కూడా హద్దులేని తిండే, డబ్బు కూడా కట్టక్కర్లేదు. అయినా అక్కడ కడుపు పగిలేలా తినేవాళ్ళు దాదాపు కనిపించరు. ఒక దొన్నె పులిహోర, ఒక గ్లాసు మజ్జిగ, కళ్ళకద్దుకుని ముందుకు సాగిపోతారు. ఎందుకంటే ఇంకా నడవాలి. అప్పన్న దగ్గరికి చేరాలి. వెళ్ళాల్సిన చోటు గుర్తున్నవాడికి ఎంత తినాలో ఒకరు చెప్పక్కర్లేదు, ఒంటికే తెలుస్తుంది.

ఓడలో మనం తడబడేది బహుశా ఇందుకే. అక్కడ వెళ్ళాల్సిన చోటు ఏదీ ఉండదు, ఓడే తీసుకెళ్తుంది. తిండే ప్రయాణమైపోతుంది. అందుకని ఆ మూడు రోజులకి మనమే ఒక ఉద్దేశం పెట్టుకోవాలి. పొద్దున్నే పైడెక్కు మీద సూర్యోదయం చూడాలి, అమ్మానాన్నలతో తీరిగ్గా మాట్లాడాలి, రోజూ ఒక అధ్యాయం పారాయణ చెయ్యాలి, ఏదో ఒకటి. ఉద్దేశం ఉంటే తిండి దాని చోటుకి అది వెళ్ళి కూర్చుంటుంది.

మీరూ వెళ్తుంటే

మాకు పనికొచ్చినవి కొన్ని చెబుతాను. బఫే, పెళ్ళి భోజనం, దేనికైనా పనికొస్తాయి.

1. పళ్ళెం తీసుకునే ముందు ఒక్కసారి మొత్తం చుట్టి రండి. ఏవేం ఉన్నాయో చూశాక కావలసినవి ఎంచుకోండి. వరసలో నిలబడి ప్రతిదీ ఒక గరిటె వేసుకుంటే పళ్ళెం మన మాట వినదు.

2. కొంచెం పెట్టుకుని, కావాలంటే మళ్ళీ వెళ్ళండి. పళ్ళెంలో వదిలెయ్యకూడదన్నది మంచి నియమం. కానీ ఎక్కువ పెట్టేసుకుని, పారెయ్యలేక కడుపులో పారేస్తే ఆ నియమం నిలబడినట్టు కాదు. నిర్ణయం గరిటె పట్టుకున్నప్పుడే జరగాలి.

3. సగం పళ్ళెం కూరగాయలు, పళ్ళు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లోనూ ఇదే కొలత కనిపిస్తుంది. కడుపులో రెండు భాగాలు అన్నానికి, ఒకటి నీటికి, ఒకటి గాలికి వదలమని వాగ్భటుడు అష్టాంగహృదయంలో ఎప్పుడో చెప్పాడు. ఆ ఖాళీ భాగాన్ని కూడా స్వీటుతో నింపకండి.

4. రెండోసారి వెళ్ళే ముందు ఇరవై నిమిషాలు ఆగండి. కడుపు నిండిన సంగతి మెదడుకి చేరడానికి ఇంచుమించు అంత సమయం పడుతుంది. ఆ ఇరవై నిమిషాలూ ఫోన్ పక్కన పెట్టి ఇంట్లోవాళ్ళతో మాట్లాడండి.

5. లిఫ్ట్ వదిలి మెట్లెక్కండి. పొద్దున, సాయంత్రం డెక్కు మీద నడవండి. ఇది తిన్నదానికి శిక్ష అనుకోకండి. సముద్రపు గాలిలో నడక కూడా టికెట్‌లో కట్టిన డబ్బుకి వచ్చేదే, దాన్ని మాత్రం చాలామంది వదిలేస్తారు.

6. షుగర్, బీపీ ఉన్నవాళ్ళు బయల్దేరే ముందే డాక్టర్‌ని అడిగి వెళ్ళండి. మాత్రలు వేసుకుంటూ “రాత్రికి తింటాంలే” అని పగలు పస్తు ఉండటం ప్రమాదం. ఏకాదశి ఉపవాసం చేసేవాళ్ళకి కూడా ఈ మాట వర్తిస్తుంది.

7. మొదటి ముద్దకి ముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకోండి. పండించినవాళ్ళని, వండినవాళ్ళని తలుచుకోండి. ఓడ కింది అంతస్తుల్లో ఎక్కడో వంటింట్లో చెమటోడుస్తున్న మనుషులున్నారు. వాళ్ళు గుర్తొస్తే పళ్ళెంలో వదలబుద్ధి కాదు, అవసరానికి మించి తీసుకోబుద్ధీ కాదు.

ఈ చివరిదానికి పైసా ఖర్చు లేదు, ఏ డైట్ పుస్తకమూ అక్కర్లేదు. నాకు మిగతా ఆరింటి కన్నా ఇదే ఎక్కువ పనిచేసింది.

మరి మొదటి ప్రశ్నకి జవాబేమిటి? ఎక్కడ ఆగాలో పాత్ర చెప్పదు, టికెట్ చెప్పదు, కేలరీల లెక్క కూడా పూర్తిగా చెప్పదు. మనలో ద్రౌపది ఒకరు ఉండాలి. అందరూ తిన్నారా అని చూసుకుని, తన వంతు తిని, తృప్తిగా పాత్ర బోర్లించే మనిషి. బలవంతాన నోరు కట్టుకున్నవాడు ‘చాలు’ అంటే అందులో కొరత వినిపిస్తుంది. కృతజ్ఞతతో తిన్నవాడు అంటే అదే మాట ‘నిండింది’ అన్నట్టు వినిపిస్తుంది. మనం నేర్చుకోవాల్సింది ఆ రెండో ‘చాలు’.

ఈ రోజు రాత్రి భోజనంలో ఒక్కసారి ప్రయత్నించి చూడండి. ఇంకొక్క ముద్ద పడుతుంది అనిపించినప్పుడే, ఎవరూ అడగకపోయినా, మీకు మీరే మెల్లగా “చాలు” అనుకోండి.

అన్నపూర్ణమ్మ అందరి ఇంటా నిండుగా ఉండాలి, అప్పన్న స్వామి అందరినీ చల్లగా చూడాలి. మళ్ళీ వచ్చే వీడియోలో కలుద్దాం. శుభం.